119వ కీర్తన ఇంపోజిషన్‌గా రాయించాను, ఇప్పుడు మా బాబు బైబిల్ ముట్టుకోనంటున్నాడు

తెనాలి టైలరమ్మ:

అందరికీ వందనాలు. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

మాది తెనాలి. ఇంట్లోనే బ్లౌజులు, డ్రెస్సులు కుడతాను. మావారు లారీ మీద వెళ్తారు, నెలలో పది రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. బాబుకి పదకొండేళ్ళు, ఆరో తరగతి. పాపకి ఆరేళ్ళు.

బాబుని కొట్టేదాన్ని, అబద్ధం ఎందుకు. బట్ట కొలిచే చెక్క స్కేలుతో. పోయిన క్రిస్మస్ ముందు ఒక దెబ్బ మోచేతి మీద పడి బాగా వాచింది. ఆ రాత్రి పసుపు వేడి చేసి పట్టు వేస్తుంటే వాడు నొప్పికి మూలుగుతూ నిద్రపోయాడు, నాకు నిద్ర లేదు. ఇక చెయ్యి ఎత్తనని దేవుని ముందు తీర్మానం చేసుకున్నాను. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను.

కొట్టడం మానేస్తే మరి ఏం చేయాలి? ఆర్నెల్లు అరుపులతోనే గడిచింది. జూన్‌లో బడి తెరిచాక నాకో ఉపాయం తట్టింది. తప్పు చేస్తే వాక్యం రాయించాలి. దండనా అయిపోతుంది, నాలుగు మంచి మాటలూ బుర్రకెక్కుతాయి. మా సంఘంలో అక్కలకు చెప్తే ఎంత బాగుందో అన్నారు, ఇద్దరు వాళ్ళ ఇళ్ళలో కూడా మొదలుపెట్టారు.

నేను 119వ కీర్తన ఎంచుకున్నాను. మీకు తెలిసిందే, 176 వచనాలు. ఆలెఫ్, బేత్, గీమెల్ అంటూ హెబ్రీ అక్షరాల పేర్లతో 22 భాగాలు, ఒక్కో దాంట్లో ఎనిమిది. లెక్క తేలిక. అబద్ధానికి ఒక భాగం, చెల్లిని కొడితే రెండు, హోంవర్క్ ఎగ్గొడితే ఒకటి. ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. మోకాళ్ళ మీద కూర్చుని రాయాలి, రాసి తప్పు ఒప్పుకుని ప్రార్థన చేయాలి, ఆ తర్వాతే అన్నం.

మొదట బాగానే నడిచింది. తర్వాత బేరాలు మొదలయ్యాయి. "అమ్మా, 119 బదులు 117 రాస్తా" అన్నాడు ఒకరోజు. తీసి చూస్తే 117లో ఉన్నవి రెండే వచనాలు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఇంకోరోజు చెల్లి జుట్టు పట్టి లాగాడు. నేను మిషన్ మీంచి లేచేలోపే వాడే నోట్‌బుక్ తెచ్చుకుని "రెండేగా" అని కూర్చున్నాడు. చలానా కట్టినంత మామూలుగా. 83వ వచనం దగ్గర ఆగి "పొగ తగులుచున్న సిద్దె అంటే ఏంటమ్మా" అని అడిగాడు. నాకూ తెలీదు. "మాట్లాడకుండా రాయి" అన్నాను. అలా పదకొండో భాగం కఫ్ దాకా వచ్చాడు, సరిగ్గా సగం కీర్తన.

పోయిన నెల రెండు జరిగాయి. రాత్రి కుటుంబ ప్రార్థనలో "ఈరోజు నువ్వు చదువు నాన్నా" అని బైబిల్ చేతికిచ్చాను. వాడు నా ముఖం చూసి "నేనేం తప్పు చేశాను?" అన్నాడు. వెటకారం కాదండీ, నిజంగానే అడిగాడు. ఆ రోజు నుంచీ ముట్టుకోవడం లేదు.

రెండోది పాప సంగతి. నేను కత్తిరించగా మిగిలిన ముక్కతో బొమ్మకి చీర కట్టి ఆడుకుంటోంది. బొమ్మ కాళ్ళు వెనక్కి మడిచి, గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, వేలు ఆడిస్తూ "ప్రార్థన చెయ్. గట్టిగా చెయ్. యేసయ్య చూస్తున్నాడు. నీకు అన్నం లేదు పో" అంటోంది. ఆ గొంతు, ఆ విరుపు అచ్చం నావే. మిషన్ ఆపేశాను. సాయంత్రం ఇవ్వాల్సిన రెండు బ్లౌజులు మర్నాటికి పడ్డాయి.

సండే స్కూల్లో కంఠత వాక్యాలకి ఏటా మా వాడికే ప్రైజు. బయట అందరూ నన్నే మెచ్చుకుంటారు. ఇంట్లో పరిస్థితి ఇది. కొట్టకూడదు, వాక్యాన్ని బెత్తం చేయకూడదు. మరి ఎలా? ఇప్పటికే చెడగొట్టుకున్నదాన్ని ఎలా బాగుచేసుకోవాలి?


ఒంగోలు అక్క:

చెల్లీ, వందనాలు. నా మాట నీకు నచ్చకపోవచ్చు. సామెతలు 13:24 ఉంది కదా, బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి అని. బైబిల్లో యాజకుడు ఏలీ, తన కొడుకులు పాడయ్యారని తెలిసీ అడ్డగించలేదనే కదా దేవుడు ఏలీని తప్పుపట్టింది. నేను ముగ్గురిని పెంచాను. వేప బెత్తం గుమ్మం పైన ఉండేది. ముగ్గురూ ఉద్యోగాల్లో ఉన్నారు, మందిరానికీ వెళ్తున్నారు.

ఒక్కటి అడుగుతా. నేను రెండు తగిలించి, ఏడుపు ఆగాక దగ్గరికి తీసుకుని అన్నం కలిపి పెట్టేదాన్ని. అంతా కలిపి పావుగంట. నువ్వు గంటసేపు మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, అన్నం ఆపి రాయించావు. ఏది కఠినం? కొట్టలేదు కాబట్టి మెత్తగా పెంచుతున్నాననుకోకు.


అయ్యగారబ్బాయి:

ఒంగోలు అక్కగారి మొదటి పేరాతో ఒప్పుకోను గానీ రెండో పేరాకి జవాబు లేదు నా దగ్గర.

నేను పాస్టర్ కొడుకుని. ప్రకాశం జిల్లాలో ఒక పల్లె, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. నా చిన్నతనమంతా ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: "అయ్యగారబ్బాయివై ఉండి ఇలా చేస్తావా?" గోలీలాడితే అదే, మార్కులు తగ్గితే అదే. తొమ్మిదో తరగతిలో బడి ఎగ్గొట్టి సినిమాకి వెళ్ళి దొరికిపోయాను. నాన్న కొట్టలేదు. కనీసం తిట్టలేదు. ఆదివారం ప్రసంగంలో "ఒక సేవకుని కుమారుడు" అని మొదలుపెట్టి మొత్తం చెప్పాడు. పేరు చెప్పలేదు. ఊళ్ళో సేవకుడు ఒక్కడే, ఆయనకి కొడుకు ఒక్కడే. ముందు వరసలో చాప మీద కూర్చున్న నేను మెడ ఎత్తలేదు. చాప అంచు పుల్లలు ఎన్ని ఊడాయో ఇప్పటికీ చెప్పగలను.

ఇంటర్‌కి గుంటూరు వచ్చాక మందిరం గడప తొక్కలేదు. పదహారేళ్ళు. దేవుడు లేడని కాదు. బైబిల్ తెరిస్తే నాన్న గొంతే వినబడేది.

నాకు ముప్ఫై ఏళ్ళప్పుడు నాన్న ఏదో పని మీద హైదరాబాద్ వచ్చి నా రూమ్‌లో పడుకున్నాడు. లైటు ఆర్పాక చీకట్లో అన్నాడు, "ఆ ఆదివారం నేను చెప్పింది ప్రసంగం కాదురా. నాకు తలవంపులైందని నీ మీద కసి తీర్చుకున్నాను." నేను మాట్లాడలేదు. మర్నాడే గుడికి పరుగెత్తానని చెప్పను, ఇంకో రెండేళ్ళు పట్టింది. కానీ ఆ రాత్రి లేకపోతే ఆ రెండేళ్ళ తర్వాత కూడా వెళ్ళేవాణ్ణి కాదు.

కాబట్టి టైలరమ్మ గారూ, క్షమాపణ ఇప్పుడే చెప్పండి. పదకొండేళ్ళకే వింటాడు మీ వాడు, అదృష్టవంతుడు. ప్రార్థనలో కలిపి చెప్పకండి. "ప్రభువా, ఈ బిడ్డని నేను..." అని కళ్ళు మూసుకుని మొదలుపెట్టారంటే అది కూడా ఇంకో ఇంపోజిషనే. కళ్ళు తెరిచి, వాడి వైపు చూసి, రెండు ముక్కల్లో చెప్పండి. "కానీ నువ్వు కూడా..." అని తోక తగిలించొద్దు.

ఎఫెసీయులకు రాసిన పత్రికలో ఆరో అధ్యాయం మొదటి వచనం, పిల్లలు తల్లిదండ్రులకు విధేయులై ఉండాలన్నది, మా ఇంట్లో గోడ మీద క్యాలెండర్ అంత అలవాటు. నాలుగో వచనం, తండ్రులారా మీ పిల్లలకు కోపము రేపక అన్నది, నా అంతట నేను చదువుకునేదాకా అక్కడ ఉందనే తెలీదు.


రిటైర్డ్ తెలుగు పండిట్:

తల్లీ, ముందు మీ బాబు అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతాను, అది బాకీ పడిపోయింది. సిద్దె అంటే తోలు బుడ్డి. పూర్వం నూనె, నెయ్యి పోసుకునేవారు. బైబిల్లో అయితే ద్రాక్షారసానికీ నీళ్ళకీ వాడే తోలు తిత్తి. పొగ పట్టేచోట వేలాడదీస్తే అది నల్లబడి, ఎండి, ముడతలు పడి పగుళ్ళిస్తుంది. కీర్తనకారుడు తన బతుకు అలా అయిందని మొరపెట్టుకుంటున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని రాస్తున్న పిల్లవాడు సరిగ్గా ఆ మాట దగ్గరే ఆగి అర్థం అడిగాడు చూశారా. నేను ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు చెప్పాను. ఇంపోజిషన్ రాస్తూ అర్థం అడిగిన పిల్లవాడు నాకు ఒక్కడూ తగల్లేదు. మీ వాడికి వాక్యం మీద విరక్తి లేదు. అది రాయించిన పద్ధతి మీద ఉంది.

ఇంకో సంగతి. మన బైబిల్లో "ప్రభువుయొక్క శిక్షలోను బోధలోను వారిని పెంచుడి" అని ఉంది. శిక్ష అనగానే మనకు దెబ్బలు, జైలు గుర్తొస్తాయి. సంస్కృతంలో శిక్ష అంటే నేర్పడం. శిక్షణ అనే మాట అందులోంచి వచ్చిందే. సర్వశిక్షా అభియాన్ అంటే అందరినీ తన్నే పథకం కాదు కదా! గ్రీకులో అక్కడున్న మాట కూడా పిల్లవాణ్ణి తీర్చిదిద్దడం అనే అర్థంలోదే, అందులో దండన ఒక భాగం మాత్రమే. అలాగే సామెతల్లో బెత్తము అన్నచోటా, 23వ కీర్తనలో దుడ్డుకర్ర అన్నచోటా హెబ్రీలో ఒకటే మాట అని మా పాస్టర్ గారు చెప్పేవారు. గొర్రెల కాపరి ఆ కర్రతో మందను కాస్తాడు, తోవ తప్పేదాన్ని మళ్ళిస్తాడు. ఒంగోలు అమ్మగారు దీన్ని కూడా లెక్కలో వేసుకోవాలని మనవి.

నేనేదో పుణ్యాత్ముణ్ణని కాదు. సర్వీసులో సగం కాలం బెత్తం వాడినవాణ్ణే. 2010లో విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చి, బడిలో పిల్లల్ని కొట్టకూడదన్నాక దాన్ని బీరువా మీద పడేశాను. మొదటి ఏడాది నాకు క్లాసు అదుపు చేయడమే రాలేదు. ఇన్నాళ్ళూ అదుపు చేసింది నేను కాదు, కర్ర అని అప్పుడు తెలిసింది.

మేము లూథరన్లం, అంటే మార్టిన్ లూథర్ బోధను అనుసరించే ప్రొటెస్టెంట్లం. గుంటూరుకి మిషనరీ హయ్యర్ 1842లో వచ్చిన నాటి నుంచి ఉన్న సంఘం. చిన్నప్పుడు "దీనికి అర్థమేమి?" అంటూ ప్రశ్నోత్తరాలు కంఠతా పెట్టాం. ఆ ప్రశ్నోత్తరాలు రాసిన లూథర్ పెద్దయ్యాక భోజనం బల్ల దగ్గర చెప్పుకున్నాడట, ఒక్క గింజ కోసం తల్లి రక్తం వచ్చేలా కొట్టిందని, ఆ కాఠిన్యమే తనను మఠానికి తోలిందని, అయినా వాళ్ళు తన మేలు కోరే చేశారని. దండిస్తే బెత్తం పక్కనే ఆపిల్ పండు ఉండాలన్నాడు. మీ ఇంట్లో పండు ఏదమ్మా? ప్రైజు తెచ్చినరోజు కాకుండా, మామూలు రోజు, మీ బాబులో మీకు నచ్చింది ఏమిటో వాడితో ఎప్పుడైనా అన్నారా?

119 పూర్తి చేయించకండి గానీ, మీరు మాత్రం చివరి వచనం, 176, ఒకసారి చూడండి. నీ ధర్మశాస్త్రమంటే నాకెంత ప్రీతి అని అంతసేపు పాడినవాడు ఆఖరికి తప్పిపోయిన గొర్రెలా తిరిగాను, నన్ను వెదకి పట్టుకో అంటాడు.


కార్డిఫ్ నర్సు:

వందనాలండీ. మాది ఏలూరు, పదకొండేళ్ళుగా ఇక్కడే, బ్రిటన్‌లోని వేల్స్‌లో. వేల్స్‌లో 2022 మార్చి 21 నుంచి తల్లిదండ్రులు కూడా పిల్లల్ని కొట్టకూడదు, చట్టం. అంతకుముందు "తగినంత దండన" అని చెప్పుకుని తప్పించుకునే వీలుండేది, దాన్ని తీసేశారు. మా అమ్మ వచ్చినప్పుడల్లా ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికొచ్చే దారిలోనే ఇది చెప్పేస్తా, లేకపోతే మా వీధికి వేప బెత్తం వచ్చేస్తుంది. అక్కగారూ కోపం వద్దు!

నాకూ మొదట చేతులు కట్టేసినట్టే ఉండేది. అలవాటైంది ఇది: తప్పు ఏ జాతిదో దిద్దుబాటూ ఆ జాతిదే. పాలు ఒలికిస్తే గుడ్డ వాడి చేతికే. డబ్బు తప్పిస్తే ఆ డబ్బు సంపాదించి కట్టాలి. చెల్లిని ఏడిపిస్తే చెల్లికి పని చేసిపెట్టాలి. ఏమవుతుందో ముందే చెప్పి ఉంచాలి, కోపంలో అప్పటికప్పుడు రేటు పెంచకూడదు. మీవారితో కూడా ఫోన్లోనే ఒక మాట మీదికి రండి. మీరు ఒకటి, ఆయన వచ్చిన పది రోజులు ఇంకొకటి అయితే పిల్లాడు క్యాలెండర్ చూసి అల్లరి చేస్తాడు.

మెచ్చుకునేటప్పుడు "మంచి పిల్లాడివి" అంటే వాడికి ఏమీ అంటదు. "చివరి బజ్జీ చెల్లికి ఇచ్చావు, చూశాను" అంటే అంటుతుంది.

అన్నం సంగతి మాత్రం గట్టిగా చెప్తున్నా, అన్నానికీ తప్పుకీ ముడి పెట్టకండి. అది ఈ రాత్రే మానేయండి.


తెనాలి టైలరమ్మ:

మూడు వారాలైంది. జవాబులన్నీ మావారికి ఫోన్లో చదివి వినిపించాను. ఒంగోలు అక్క మాట దగ్గర "అదీ" అన్నారు, పండిట్ గారి దగ్గర ఏమీ అనలేదు. ఒక మాట మీదికి ఇంకా రాలేదు. ఆయన ఉన్న నాలుగు రోజుల్లో ఒకసారి చెయ్యి ఎత్తి, నా వైపు చూసి దించేశారు. ప్రస్తుతానికి అంతే.

అక్కా, మీ ప్రశ్న చాలా రోజులు గుచ్చుకుంది. కొట్టడం లేదన్న గర్వంలో మోకాళ్ళు నాకు కనబడలేదు.

మాస్టారూ, మీరు అడిగాక ఆలోచించాను. నాకు రెండేళ్ళుగా చూపు ఆనడం లేదు. రోజూ పొద్దున బడికి వెళ్ళేముందు మిషన్ సూదిలో దారం ఎక్కించి, ఇంకో నాలుగు చేతి సూదులకి కూడా ఎక్కించి దిండుకి గుచ్చి వెళ్ళేది వాడే. నేను అడిగింది మొదటిరోజే. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట వాడితో అనలేదు. కంఠత వాక్యాల ప్రైజులు మాత్రం ముందుగదిలో షోకేసులో పెట్టాను.

శనివారం మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు చెప్పాను. ముందు సూదుల సంగతి చెప్పి, తర్వాత "బైబిల్‌ని నీకు శిక్షగా చేశాను, అది నా తప్పు" అన్నాను. వాడు దారం కొస తడిచేసుకుంటూ "ఊఁ" అన్నాడు. కాసేపాగి "అయితే రాసినవన్నీ వేస్టేనా?" అన్నాడు. నాకు జవాబు రాలేదు. సిద్దె గురించి చెప్పాను. "నానమ్మ వాళ్ళ కట్టెల పొయ్యి పైన వేలాడే ఉట్టిలాగా నల్లగానా?" అన్నాడు. అవునన్నాను. అంతే, కౌగిలింతలేమీ లేవు.

ఆ తర్వాత వారానికే హుక్కులు, దారాలు తెమ్మని డబ్బిస్తే ఇరవై రూపాయలు తక్కువ తెచ్చాడు. కొట్టువాడు రేటు పెంచాడన్నాడు. నోటి దగ్గర చిప్స్ కారం అంటుకుని ఉంది! నోట్‌బుక్ అనబోయి నాలుక కరుచుకున్నాను. నర్సమ్మ గారు చెప్పినట్టు, కుట్టిన బ్లౌజులు ఇళ్ళకి తీసుకెళ్ళి ఇచ్చి రావాలి, ఇంటికి రెండు రూపాయల లెక్కన బాకీ తీర్చాలి అన్నాను. మూడు అడిగాడు. రెండే అన్నాను. నాలుగో రోజు ఒక ఇంటికి వెళ్ళకుండానే వెళ్ళానన్నాడు, ఆవిడ ఫోన్ చేస్తే బయటపడింది. ఆ రెండు రూపాయలూ లెక్కలోంచి కొట్టేశాను. అబద్ధాలు ఆగిపోయాయని చెప్పలేను.

కుటుంబ ప్రార్థనలో నేనే చదువుతున్నాను. గోడకి ఆనుకుని వింటాడు. చదవమని అడగడం లేదు. పాప బొమ్మకి తిట్లు ఇంకా తప్పడం లేదు గానీ అన్నం మాత్రం పెడుతోంది.

ఆ నోట్‌బుక్ ఏం చేయాలో తోచలేదు. వాక్యం రాసినది చెత్తలో వేయబుద్ధి కాదు, ఇంట్లో ఉంటే చూడబుద్ధి కాదు. నీ ఇష్టం అని వాడికే ఇచ్చేశాను. నిన్న చూస్తే వెనక పేజీ నుంచి మొదలుపెట్టి గీతలు కొట్టుకున్నాడు. ఎవరి బ్లౌజు, ఏ వీధి, ఎంత. ఏడు ఇళ్ళు, పద్నాలుగు రూపాయలు. ఇంకా ఆరు బాకీ.